దుబాసీగా తిరిగొచ్చిన కొడుకు
('ట్రాన్స్‌లేషన్స్' నాటకం – డెర్రీ నగర ప్రదర్శన, 1980)

వార్షికోత్సవ సంచికకు ఇంగ్లీషు సాహిత్యం నుంచి ఒక పాఠం రాయమని సంచిక పని చూస్తున్న తమ్ముళ్ళు అడిగారు. షేక్‌స్పియర్ గురించి రాస్తాననుకుని ఉంటారు. షేక్‌స్పియర్ మీకు ఎలాగూ సిలబస్‌లో వస్తాడు. అందుకని ఐర్లండ్ నాటకం ఒకటి తీసుకున్నాను. అందులో ఒక బడి ఉంది. అది పాడుబడిన కొట్టంలో నడుస్తుంది. అక్కడ చదివేవాళ్ళు కూలి పనికీ, గడ్డి కోతకీ వెళ్ళి వచ్చి పలక పట్టుకునేవాళ్ళు. అందులో ఒకమ్మాయికి ఇంగ్లీషు కావాలి. పెద్ద చదువు చదివి పట్నం నుంచి వచ్చిన కొడుకు ఒకడున్నాడు. ఇంతకన్నా మనకు దగ్గరి నాటకం ఎం.ఏ. పుస్తకాల్లో నాకు కనిపించలేదు.

నాటకం పేరు 'ట్రాన్స్‌లేషన్స్', అంటే అనువాదాలు. రాసినవారు బ్రయన్ ఫ్రీల్. ఆయన 1929లో ఉత్తర ఐర్లండ్‌లో పుట్టి 2015లో చనిపోయారు. తండ్రి బడిపంతులు. ఫ్రీల్ కూడా డెర్రీ నగరంలో పదేళ్ళు పంతులుగా పనిచేసి, తర్వాత ఆ ఉద్యోగం వదిలి రచయిత అయ్యారు. ఆయన వంశంలో పూర్వం ఒకాయన పల్లెలో కంచె బడి నడిపినట్టు ఈ నాటకం రాసే రోజుల్లోనే ఆయనకు తెలిసింది.

కంచె బడి అంటే ఏమిటో చెప్పాలి. ఐర్లండ్‌ను ఇంగ్లండ్ పాలిస్తున్న కాలంలో, 1695 నుంచి, క్యాథలిక్కులు బడి నడపకూడదని చట్టం ఉండేది. ఆ దేశంలో ఎక్కువమంది క్యాథలిక్కులే. బడి కూడదన్నారు కాబట్టి పొలాల కంచెల చాటున, కొట్టాల్లో, దొడ్లలో రహస్యంగా చదువు చెప్పుకున్నారు. పిల్లలు ఇచ్చే కొద్దిపాటి డబ్బే పంతులుకి జీతం. చట్టం పోయాక కూడా ఆ బడులు చాలాకాలం నడిచాయి. కొన్నిటిలో లాటిన్, గ్రీకు కూడా చెప్పేవారు. మన వీధిబడులతో దీన్ని పోల్చేవారున్నారు. నేను ఆ పోలికను పూర్తిగా ఒప్పుకోను. చాలా వీధిబడుల అరుగు మీద మన తాతలకు చోటు దొరకలేదు. ఐర్లండ్ కంచె బడి మాత్రం చోటు దొరకనివాళ్ళే పెట్టుకున్న బడి.

కథ

1833 ఆగస్టు. డోనెగాల్ ప్రాంతంలో బాల్యా బెగ్ అనే పల్లె. ఐరిష్ భాషలో ఆ పేరుకు చిన్న ఊరు అని అర్థం. పల్లె కల్పితమే. బడి పెద్ద పంతులు హ్యూ. పండితుడే గానీ తాగుడు ఎక్కువ. పెద్ద కొడుకు మానస్‌కు కాలు కుంటి. జీతం లేకుండా తండ్రికి సాయంగా పాఠాలు చెబుతుంటాడు. నాటకం మొదలయ్యేసరికి అతను సేరా అనే అమ్మాయి చేత తన పేరు తాను పలికించడానికి తంటాలు పడుతుంటాడు. ఊళ్ళో అందరూ ఆమెను మూగది అనుకుంటారు. చాలాసేపటికి ఆమె నోరు తెరిచి తన పేరు చెబుతుంది. మానస్ సంతోషం పట్టలేడు. ఈ చిన్న దృశ్యాన్ని గుర్తుపెట్టుకోండి. మళ్ళీ వస్తుంది.

మోయ్రా అనే అమ్మాయికి మానస్ అంటే ఇష్టం. కానీ ఆమె ఇంట్లో తన కింద బోలెడుమంది తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఉన్నారు, సంపాదించే మగదిక్కు లేదు. అమెరికా వెళ్ళాలి, దానికి ఇంగ్లీషు కావాలి. లాటిన్, గ్రీకు నాకెందుకు, ఇంగ్లీషు చెప్పండి అని పెద్ద పంతులునే నిలదీస్తుంది. పాపం ఆమెకు వచ్చిన ఇంగ్లీషు ఒకే ఒక్క వాక్యం. పిన్ని నేర్పితే అర్థం తెలియకుండా బట్టీ పట్టింది. (బట్టీ అంటే ఏమిటో మనకు వేరే చెప్పాలా!)

అప్పుడు చిన్న కొడుకు ఓవెన్ వస్తాడు. డబ్లిన్ వెళ్ళి బాగుపడ్డాడు, మంచి బట్టలు, చేతిలో డబ్బు. వెంట ఇద్దరు ఇంగ్లీషు సైనికాధికారులు, కెప్టెన్ లాన్సీ, లెఫ్టినెంట్ యోలాండ్. వాళ్ళు దేశమంతా సర్వే చేసి పటాలు గీస్తున్నారు. పటంలో రాయాలంటే ఊళ్ళ పేర్లు, వాగుల పేర్లు, గుట్టల పేర్లు ఇంగ్లీషులో పలికేటట్టు ఉండాలి. ఆ పనికి ఐరిష్, ఇంగ్లీషు రెండూ వచ్చిన మనిషి కావాలి. ఆ మనిషి ఓవెన్. అధికారులు అతని పేరు కూడా సరిగా పలకలేక రోలాండ్ అని పిలుస్తుంటారు. మొదట్లో అతను దాన్ని సరిచేయడు. జీతం ఇచ్చేవాళ్ళు ఏ పేరుతో పిలిస్తే ఏమిటిలే అన్నట్టు ఊరుకుంటాడు.

కెప్టెన్ లాన్సీ ఊరివాళ్ళను కూర్చోబెట్టి సర్వే ఎందుకో ప్రసంగిస్తాడు. ఓవెన్ పక్కన నిలబడి అనువదిస్తాడు. నాటకం మొత్తంలో నేను ఎక్కువసార్లు చదివిన చోటు ఇదే. సామ్రాజ్యంలో ఈ మూల గురించి సైన్యానికి సమస్త సమాచారం అందాలని ఈ పని పెట్టుకున్నామని కెప్టెన్ అంటాడు. ఓవెన్ దాన్ని, సైనికులకు ఈ పనిలో నైపుణ్యం ఉంది కాబట్టి వాళ్ళు చేస్తున్నారు అని మారుస్తాడు. పన్నుల మాట వస్తే, మీ భూమి ఏదో చట్టప్రకారం మీకే తెలుస్తుంది అన్నట్టు చెబుతాడు. అబద్ధమని పట్టుకోలేం, నిజమని ఒప్పుకోలేం. ఊరివాళ్ళు తల ఊపుతారు. అన్న మానస్‌కు మాత్రం ఇంగ్లీషు వచ్చు. అందరూ వెళ్ళాక తమ్ముణ్ణి అడుగుతాడు: అదేం అనువాదం?

తమ్ముళ్ళూ, మన ఇళ్ళలో ఈ పని ఎవరు చేస్తారో ఆలోచించండి. బ్యాంకు కాగితం వచ్చినా, ఆఫీసు నోటీసు వచ్చినా, ఆసుపత్రి రిపోర్టు వచ్చినా చదివిపెట్టమని మన చేతికే ఇస్తారు. చదివింది చదివినట్టు చెప్పామా, అమ్మ భయపడుతుందని మెత్తగా చెప్పామా? ఓవెన్‌ను ద్రోహి అని రాసిన విమర్శలు ఉన్నాయి. నాకు అలా అనిపించదు. ఊరివాళ్ళు బాధపడకూడదు, దొరలకు కోపం రాకూడదు, తన ఉద్యోగం నిలవాలి. ఈ మూడూ కలిసి వచ్చినప్పుడు నోటినుంచి వచ్చే మాట అలాగే ఉంటుంది. దాని ఫలితం ఏమిటన్నది మూడో అంకంలో తెలుస్తుంది.

రెండో అంకంలో ఓవెన్, యోలాండ్ ఇద్దరూ పటం పరుచుకుని పేర్లు మారుస్తుంటారు. వాగు కలిసే చోటుకు ఐరిష్‌లో బున్ నా హౌన్ అని పేరు. దాన్ని ఏం చేయాలి? నాలుగు రకాలుగా ఆలోచించి చివరికి బర్న్‌ఫుట్ అని పుస్తకంలో ఎక్కిస్తారు. విచిత్రం ఏమిటంటే, ఐరిష్ పేర్లు ఉంచాలని బాధపడేది ఇంగ్లీషువాడైన యోలాండ్. అతనికి ఆ ఊరు నచ్చింది, భాష నచ్చింది, మోయ్రా నచ్చింది. ఓవెన్‌కు పని అయిపోవాలి. తోబర్ వ్రీ అనే ఒక నాలుగు దారుల కూడలి దగ్గర ఇద్దరికీ వాదన వస్తుంది. ఓవెన్ వివరిస్తాడు: తోబర్ అంటే బావి, వ్రీ అంటే బ్రయన్ అనే పేరు అరిగిపోయిన రూపం. ఎప్పుడో అక్కడికి దగ్గరలో బావి ఉండేది, బ్రయన్ అనే ముసలివాడు అందులో పడి చనిపోయాడు. ఇప్పుడు బావీ లేదు, కథ తెలిసినవాడూ తను తప్ప ఎవడూ లేడు. ఎవరికీ గుర్తులేని పేరును పట్టుకుని వేలాడాలా అని ఓవెన్ ప్రశ్న. యోలాండ్ ఉంచాలంటాడు, ఉంచుతారు.

ఇక్కడ నాది ఒక మాట. ఫ్రీల్ పాత పేర్ల మీద ప్రేమతో రాశారు, చదువుతుంటే మనకూ ఆ ప్రేమ పుడుతుంది. కానీ మన దేశంలో పాత పేర్లన్నీ ప్రేమించేవి కావు. కులం పేరు పెట్టి పిలిచే వాడల పేర్లు మారితే మనలో ఎవరూ ఏడవరు. పేరు మారడం మంచిదా చెడ్డదా అని అడిగితే జవాబు రాదు. ఎవరు మార్చారు, అక్కడ ఉండేవాళ్ళను అడిగారా అని చూడాలి. బాల్యా బెగ్‌లో ఎవరినీ అడగలేదు.

అదే అంకంలో మోయ్రా, యోలాండ్ రాత్రిపూట కలుసుకుంటారు. ఒకరి భాష ఒకరికి రాదు. మోయ్రా తన బట్టీ వాక్యం అప్పజెబుతుంది. ఇంగ్లండ్‌లో నార్ఫక్ అనే చోట స్తంభం చుట్టూ నాట్యం చేయడం గురించిన వాక్యం అది. యోలాండ్ వాళ్ళ అమ్మది నార్ఫకే! అతను ఆనందంతో ఎగిరి గంతేస్తాడు. మోయ్రా మాత్రం పిన్ని తనకేదో బూతు నేర్పిందేమోనని భయపడుతుంది. నవ్వు వస్తుంది, కడుపులో ఏదోలా కూడా ఉంటుంది. చివరికి వాళ్ళు ఊళ్ళ పేర్లు ఒకటొకటే పలుకుతూ దగ్గరవుతారు. ఆ పేర్లు మారుస్తున్నది ఆ యోలాండే కదా. సేరా వాళ్ళిద్దరినీ చూసి మానస్‌కు చెప్పడానికి పరుగెత్తుతుంది.

మర్నాడు యోలాండ్ కనిపించడు. చంపేశారని అనుమానం. అంతకుముందు మర్యాదగా ప్రసంగించిన కెప్టెన్ లాన్సీ మళ్ళీ వస్తాడు. ఒక రోజులో యోలాండ్ ఆచూకీ చెప్పకపోతే పశువులన్నిటినీ కాల్చేస్తాం, రెండు రోజులైతే ఇళ్ళు ఖాళీ చేయించి కూల్చేస్తాం అంటాడు. ఏ ఏ పల్లెలో జాబితా చదువుతాడు, కొత్త ఇంగ్లీషు పేర్లతో. ఓవెన్ పక్కన నిలబడి ఒక్కొక్క పేరునూ మళ్ళీ ఐరిష్‌లోకి మార్చి చెప్పాలి. తను మార్చిన పేర్లే. ఈసారి మెత్తగా చెప్పడానికి ఏమీ లేదు. లాన్సీ సేరా వైపు తిరిగి నీ పేరేమిటి, ఎక్కడుంటావు అని గద్దిస్తాడు. ఆమె నోరు తెరుస్తుంది. మాట రాదు. మానస్ నేర్పినదంతా అక్కడితో పోయింది.

నాటకం ముగింపులో యోలాండ్ ఏమయ్యాడో ఫ్రీల్ చెప్పరు. మానస్ ఊరు వదిలి వెళ్ళిపోతాడు. ఓవెన్ పేర్ల పుస్తకాన్ని తప్పుగా జరిగిన పని అనుకుని విసిరేయాలనుకుంటాడు. ఆ పుస్తకం ముసలి పంతులు హ్యూ చేతికి తీసుకుంటాడు. ఈ కొత్త పేర్లు మనం నేర్చుకోవాలి, వీటినే మన ఇల్లుగా చేసుకోవాలి అన్న అర్థం వచ్చేట్టు మాట్లాడతాడు. మోయ్రాకు ఇంగ్లీషు చెప్పడానికీ ఒప్పుకుంటాడు. ఐరిష్ గొప్పదనం గురించి మొదటినుంచీ ఎక్కువ మాట్లాడినవాడే ఆ పని చేస్తాడు. ఇది ఓడిపోవడమా, తెలివా? పరీక్షలో పదిహేను మార్కుల ప్రశ్నగా వస్తుంది. నా జవాబు తర్వాత చెబుతాను.

డెర్రీలోనే ఎందుకు?

ఈ నాటకం మొదటిసారి ఆడింది 1980 సెప్టెంబరు 23న, ఉత్తర ఐర్లండ్‌లోని డెర్రీ నగరంలో. డబ్లిన్‌లో పేరుమోసిన ఆబీ థియేటర్ ఉంది, లండన్‌లో ఎన్నో థియేటర్లు ఉన్నాయి. డెర్రీలో సరైన నాటకశాల కూడా లేదు. అయినా ఫ్రీల్, నటుడు స్టీఫెన్ రే కలిసి 'ఫీల్డ్ డే' అనే నాటక సంస్థ పెట్టి అక్కడే ఆడాలని పట్టుబట్టారు. ఇద్దరి ఇంటిపేర్లూ కలిపి పలికితే ఫీల్డ్ డేకు దగ్గరగా ఉంటుందని అలా పెట్టుకున్నారంటారు. తర్వాత కవి షేమస్ హీనీ వంటి పెద్దవాళ్ళు ఆ సంస్థలో చేరారు.

ముందు ఆ నగరం పేరు సంగతి చూడండి. ఐరిష్‌లో దోరె అంటే ఓక్ చెట్ల తోపు. అది డెర్రీ అయింది. 1613లో లండన్ వర్తకుల పెట్టుబడితో అక్కడ కొత్త పట్టణం కట్టి ముందు లండన్ చేర్చి లండన్‌డెర్రీ అన్నారు. ఈనాటికీ క్యాథలిక్కులు ఎక్కువగా డెర్రీ అంటారు, బ్రిటన్‌తోనే ఉండాలనే యూనియనిస్టులు లండన్‌డెర్రీ అంటారు. ఏ పేరు పలికావో దాన్నిబట్టి నువ్వెవరివో తెలిసిపోతుంది. నగరపాలక మండలి 1984లో తన పేరులోంచి లండన్ తీసేసింది, నగరం అధికారిక పేరు మాత్రం అలాగే ఉంది. పేర్లు మార్చడం గురించిన నాటకానికి ఇంతకన్నా సరైన ఊరు ఎక్కడ దొరుకుతుంది?

ఆడిన చోటు ఇంకా ముఖ్యం. గిల్డ్‌హాల్ అనే భవనం, అంటే మన మునిసిపల్ ఆఫీసు లాంటిది. 1890లో కట్టారు. ఆ నగరంలో క్యాథలిక్కులు ఎక్కువమంది ఉన్నా, వార్డులు ఎలా గీశారంటే గెలుపు ఎప్పుడూ యూనియనిస్టులదే. మునిసిపల్ ఓటు అద్దె ఇళ్ళలో ఇరుక్కుని ఉన్న పెద్దపిల్లలకు ఉండేది కాదు, ఇంటి యజమానికీ భార్యకూ మాత్రమే. అందుకని ప్రభుత్వ ఇల్లు ఇవ్వడమంటే ఓటు ఇవ్వడమే, ఇళ్ళు ఇవ్వకుండా ఆపేవారు. ఇవన్నీ నిర్ణయమయ్యేది గిల్డ్‌హాల్లో. 1968 అక్టోబరు 5న డెర్రీలో పౌరహక్కుల ఊరేగింపు మీద పోలీసులు లాఠీలు ఝుళిపించారు. 1972 జనవరి 30న గిల్డ్‌హాల్ వైపు బయలుదేరిన మరో ఊరేగింపు మీద బ్రిటిష్ సైనికులు కాల్పులు జరిపారు. ఆ రోజు 13 మంది చనిపోయారు, గాయపడిన మరొకరు తర్వాత చనిపోయారు. అదే ఏడాది గిల్డ్‌హాల్‌ను బాంబులు పెట్టి పాడుచేశారు. బాగుచేసి 1977లో తిరిగి తెరిచారు. మూడేళ్ళ తర్వాత ఆ హాల్లో ఈ నాటకం.

అంటే సామాన్య క్యాథలిక్ కుటుంబాలకు ఆ భవనం మనది కాదు అనిపించే చోటు. అక్కడ వేదిక కట్టి, వాళ్ళ పల్లె కథ, వాళ్ళ యాసలో ఆడారు. హ్యూగా వేసిన రే మెకనల్లీ డెర్రీకి దగ్గరలోని బంక్రానాలో పుట్టినవారు. ఓవెన్‌గా స్టీఫెన్ రే స్వయంగా వేశారు, ఆయనది బెల్‌ఫాస్ట్. డోల్టీ అనే చిన్న వేషం వేసిన కుర్రాడు బాలీమీనాకు చెందిన లియం నీసన్. తర్వాత హాలీవుడ్ సినిమాల్లో మీరు చూసి ఉంటారు. నాటకం ముగిసేసరికి హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అలా లేచినవాళ్ళలో ముందున్నది యూనియనిస్టు పార్టీకి చెందిన ఆనాటి మేయరు మార్లీన్ జెఫర్సన్. తర్వాత బృందం బెల్‌ఫాస్ట్, డబ్లిన్ వంటి నగరాలకే కాక న్యూరీ, మాఘరాఫెల్ట్, కారిక్‌మోర్ వంటి చిన్న ఊళ్ళకూ తిరిగి ఆడింది. మన సురభివాళ్ళు ఊరూరా తిరిగి ఆడిన సంగతి మీకు తెలుసు కదా, నాకు అదే గుర్తొచ్చింది.

ఇంకొక సంగతి. ఫ్రీల్, హీనీ, పౌరహక్కుల నాయకుడు జాన్ హ్యూమ్ ముగ్గురూ డెర్రీలోని ఒకే బడి పిల్లలు. ఉత్తర ఐర్లండ్‌లో 1947 నాటి విద్యాచట్టం వల్ల పేద ఇళ్ళ పిల్లలకు హైస్కూలు, అక్కడినుంచి యూనివర్సిటీ అందుబాటులోకి వచ్చాయి. హీనీ, హ్యూమ్ ఆ చట్టం వల్ల చదువుకున్న తరం. తమ ఇళ్ళలో మొదటిసారి డిగ్రీ తీసుకున్న ఆ తరమే 1968లో వీధుల్లోకి వచ్చింది, 1980లో నాటకాలు పెట్టింది. స్కాలర్‌షిప్పులు ఊరికే పోవు.

అసలు కిటుకు

నాటకంలో పల్లెవాళ్ళు మాట్లాడేది ఐరిష్. సైనికులు మాట్లాడేది ఇంగ్లీషు. కానీ వేదిక మీద వినిపించేదంతా ఇంగ్లీషే. మోయ్రా ఇంగ్లీషులో మాట్లాడుతుంటే అది ఐరిష్ అని మనం అనుకోవాలి. యోలాండ్ కూడా ఇంగ్లీషులోనే మాట్లాడుతూ ఆమె మాట అర్థం కాక తికమకపడుతుంటాడు. ప్రేక్షకుడికి ఇద్దరి మాటా తెలుస్తుంది, వాళ్ళకే ఒకరిది ఒకరికి తెలియదు. మొదటిసారి చదివినప్పుడు ఇది తమాషాగా అనిపిస్తుంది. తర్వాత అసలు విషయం తడుతుంది. ఐరిష్‌లో రాసి ఉంటే డెర్రీ హాల్లో ఎంతమందికి అర్థమయ్యేది? చాలా కొద్దిమందికి. 1845 తర్వాత వచ్చిన బంగాళాదుంప కరువులో సుమారు పది లక్షలమంది చనిపోయారు, మరో పది లక్షలమంది వలసపోయారు. వాళ్ళలో ఐరిష్ మాట్లాడే పేదలే ఎక్కువ. 1831లో మొదలైన సర్కారు బడుల్లో చదువంతా ఇంగ్లీషులో. నూటయాభై ఏళ్ళ తర్వాత తమ భాష పోయిన కథను తమకు మిగిలిన భాషలో కూర్చుని వింటున్నారు. ఒక్క ఉపన్యాసం లేకుండా ఫ్రీల్ ఆ సంగతి ప్రేక్షకుడి చెవిలో పెట్టారు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. నాటకాన్ని చరిత్ర పుస్తకంగా చదవకండి. ఫ్రీల్‌కు ఆధారం జె.హెచ్. ఆండ్రూస్ 1975లో ప్రచురించిన ఐర్లండ్ సర్వే చరిత్ర. ఆ ఆండ్రూసే తర్వాత, సర్వే సిపాయిలు ఊళ్ళు ఖాళీ చేయించడం, ఇళ్ళు కూల్చడం జరగలేదని ఎత్తిచూపారు. నిజమైన సర్వేలో పేర్ల పని చేసిన జాన్ ఓడోనవన్ గొప్ప ఐరిష్ పండితుడు. ఊరూరా తిరిగి పాత పేర్లకు మూలాలు వెతికి రాసిపెట్టాడు, ఆ రాతలు ఈనాటికీ పనికొస్తున్నాయి. నాటకం చూసి జనం పాతకాలం మీద మరీ భక్తి పెంచుకుంటున్నారని ఫ్రీల్‌కే అనిపించి ఉండాలి. 1982లో 'ద కమ్యూనికేషన్ కార్డ్' అని అదంతా ఎగతాళి చేసే ప్రహసనం రాసి, అదే సంస్థ చేత ఆడించారు.

ఆ సర్వేకు మన దేశంతో నేరుగా సంబంధం ఉంది. ఐర్లండ్ సర్వేకు అధిపతి థామస్ కోల్బీ. 1827, 1828లో డెర్రీ పక్కనే ఫాయిల్ నీటి ఒడ్డున ఎనిమిది మైళ్ళ ఆధారరేఖ కొలవడానికి ఆయన కొత్తరకం కొలత కడ్డీలు తయారుచేయించాడు. వేడికి ఇనుము సాగినా కొలత మారకుండా ఇత్తడిని జతచేసి చేసిన కడ్డీలవి. మన దేశ సర్వే అధిపతి జార్జ్ ఎవరెస్ట్ (శిఖరానికి పేరున్నాయనే) 1829లో ఐర్లండ్ వెళ్ళి ఆ పని చూసి, అటువంటి కడ్డీలు ఇక్కడికి తెప్పించాడు. 1841లో నాటి నిజాం రాజ్యంలోని బీదర్ దగ్గర ఆధారరేఖ కొలిచినప్పుడూ వాడింది వాటినే. కొలతలతోపాటు పేర్లూ కాగితాలకెక్కాయి. కాకినాడ కోకనాడ అయింది, ఏలూరు ఎల్లోర్ అయింది. కడప పేరు ఇంగ్లీషులో కడపగా రాయడానికి 2005 దాకా ఆగాల్సి వచ్చింది. అయితే ఇక్కడ ఒక తేడా ఉంది. ఇంగ్లీషువాళ్ళు ఏం రాసుకున్నా మనం ఏలూరును ఏలూరనే అన్నాం, ఎందుకంటే తెలుగు పోలేదు. ఐర్లండ్‌లో పేరు వెనకే భాష కూడా వెళ్ళిపోయింది.

మోయ్రా తప్పేం కాదు

ఇప్పుడు పదిహేను మార్కుల ప్రశ్నకు వద్దాం. భాష పోవడం గురించిన నాటకం కాబట్టి ఇంగ్లీషు అడిగిన మోయ్రాది తప్పు అని రాస్తే సగం మార్కులే వస్తాయి, నన్నడిగితే అవీ ఇవ్వకూడదు. ఆకలి ఉన్నది మోయ్రా ఇంట్లో. ఐరిష్ ఎంత గొప్పదో చెప్పేది హ్యూ. ఆయన బడికి ఆమె ఎన్నాళ్ళు వచ్చినా ఆయన నేర్పిన లాటిన్ ఆమె ఇంటికి గింజలు తేలేదు. మన దగ్గరా అంతే. ఇంగ్లీషు మీడియం వద్దు, మాతృభాషే ముద్దు అని సభల్లో చెప్పే పెద్దలు చాలామంది తమ పిల్లలను ఎక్కడ చదివిస్తున్నారో మనకు తెలుసు. మన పిల్లలు ఇంగ్లీషు అడిగితే అది భాషాద్రోహం కాదు.

అయితే మోయ్రా బట్టీ వాక్యం కూడా మరిచిపోకూడదు. అర్థం తెలియని ఇంగ్లీషు ఆమెకు భయమే తెచ్చింది. ఓవెన్‌కు రెండు భాషలూ బాగా వచ్చు, అయినా పరాయి నోరుగా మిగిలాడు. ఎందుకు? అతను ఇంగ్లీషును ఊరివాళ్ళకు తెచ్చాడు గానీ, ఊరివాళ్ళ మాటను ఇంగ్లీషులో కెప్టెన్‌కు ఒక్కసారి కూడా గట్టిగా చెప్పలేదు. అనువాదం ఎప్పుడూ పైనుంచి కిందికే నడిచింది. నా జవాబు అదే.

ఇటునుంచి అటు చేసిన మనిషి మనకున్నారు. అంబేడ్కర్ గారు 1920లో మరాఠీలో పత్రిక పెట్టారు. దాని పేరు మూక్‌నాయక్, అంటే మూగవాళ్ళ నాయకుడు. 1936లో కులనిర్మూలన గురించిన తన ప్రసంగాన్ని ఇంగ్లీషులో అచ్చువేశారు. ఇంటివాళ్ళతో ఇంటి భాషలో, పైవాళ్ళతో పైవాళ్ళ భాషలో, మాట మెత్తబరచకుండా. ఓవెన్ పాత్ర చదివాక మూక్‌నాయక్ అన్న పేరు చూస్తే నాకు సేరా గుర్తొచ్చింది. హ్యూ పుస్తకం చేతిలోకి తీసుకోవడం ఓటమి అని నేను అనుకోను. కొత్త భాషను ఇల్లుగా చేసుకున్న ఐర్లండ్‌వాళ్ళు ఇంగ్లీషువాళ్ళకే ఇంగ్లీషులో ఈ నాటకం చూపించారు. 1981లో లండన్‌లో ఆడారు, అక్కడి నేషనల్ థియేటర్ 2018లో మళ్ళీ ఆడింది. యుద్ధంలో ఉన్న ఉక్రెయిన్ నుంచి కీవ్ నగర బృందం 2023లో డబ్లిన్ వచ్చి ఆబీ థియేటర్‌లో దీన్ని తమ భాషలో ఆడింది.

ఆడి చూడాలనుకుంటే

జనం ముందు పూర్తి నాటకం వేయాలంటే హక్కుదారుల అనుమతి కావాలి. కానీ ఆదివారం సాయంత్రం డార్మిటరీలో ఒక అంకం పంచుకుని చదవడానికి ఖర్చేమీ లేదు. పాత్రలు పదే. ముక్కాలి పీట, పలకలు, గోడకు పరిచిన పటం, ఒక నోటుబుక్కు చాలు. లాన్సీ ప్రసంగం దృశ్యంతో మొదలుపెట్టండి. తెలుగులోకి మార్చుకుంటే ఒక చిక్కు వస్తుంది: పల్లెవాళ్ళు తెలుగు, దొరలు ఇంగ్లీషు మాట్లాడితే తేలికే గానీ ఫ్రీల్ కిటుకు పోతుంది. ఇద్దరూ తెలుగే మాట్లాడితే కిటుకు ఉంటుంది, కానీ భాష పోలేదు కాబట్టి మనకు ఆ పోటు తగలదు. ముందు రెండు విధాలా చదివి చూడండి, ఏది నిలబడుతుందో మీకే తెలుస్తుంది.

వేషాలు పంచేటప్పుడు అందరూ ఓవెన్ కావాలంటారు, యోలాండ్ కావాలంటారు. సేరాకు మాటలు చాలా తక్కువ కాబట్టి కొత్తగా చేరిన ఏ చిన్నవాళ్ళకో ఇచ్చేస్తారు. అలా ఇవ్వకండి. మూడో అంకంలో కెప్టెన్ పేరు అడిగినప్పుడు నోరు తెరిచి, మాట రాక, మళ్ళీ మూయాలి. మిగతా తొమ్మిదిమంది పెట్టిన రిహార్సలంతా ఆ ఒక్క చోటుకు పెట్టాలి.